హద్దు తీసిన చేయి

ఆఫీసులో అందరూ ఆమెను పిసినారి అక్క అనేవారు. ఒకే సర్వర్‌లో వేరు వేరు గదుల్లా విడివిడిగా నడిచే ముప్పై ప్రోగ్రాముల్లో, అంటే కంటైనర్లలో, ఏది ఎంత మెమరీ వాడుకోవాలో హద్దు పెట్టేది ఆమే. పదకొండేళ్లలో ఎవరు బతిమాలినా ఒక్క మెగాబైటు అదనంగా విదిల్చిన పాపాన పోలేదు.

పక్క సీటు తమ్ముడి దగ్గర మాత్రం మెత్తబడింది. చేరిన రోజు నుంచి అతనికి పని నేర్పింది తనే మరి.

"అక్కా, నా రిపోర్టుల కంటైనర్‌కి ఈ ఒక్క పూట హద్దు తీసెయ్యవా? పనైపోగానే చెప్తా, మళ్లీ పెట్టేద్దువుగాని" అని కుర్చీ జరుపుకొచ్చి అడిగాడు.

తీసింది. పని మధ్యాహ్నానికే అయిపోయినా అతను చెప్పలేదు. మూడింటికల్లా, అతను ఆపకుండా వదిలేసిన ఆ కంటైనర్ సర్వర్ మెమరీనంతా మింగేసింది. మిగతావన్నీ టపటపా రాలిపోయాయి.

మీటింగులో మేనేజర్ హద్దు ఎవరు తీశారని నిలదీశాడు. రికార్డులో ఆమె పేరే ఉంది. ఆమె తమ్ముడి వైపు చూసింది.

"హద్దుల సంగతి అక్కదే కదండీ, నాకేం తెలుసు?" అన్నాడతను, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రమే ఆమె అతని కంటైనర్‌కి మళ్లీ హద్దు పెట్టేసింది.

మర్నాడు మళ్లీ కుర్చీ జరిగిన చప్పుడు.

"అక్కా, ఇంకో రెండు గిగాబైట్లు పెంచవా?"

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

"రాసి పంపండి సార్."