తాళాలాయన చూసొచ్చిన పొలం

ఊళ్ళో అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలుస్తారు. మెట్ల కింద బీరువా అంత కొట్లో కూర్చుని నలభై ఏళ్ళుగా తాళాలు బాగుచేస్తున్నాడు. ఎవరు పిలిచినా వెళ్తాడు, బిగుసుకుపోయిన బీరువా తెరుస్తాడు, లోపల ఏముందో కన్నెత్తి చూడడు. ఒకవేళ కంటబడినా పెదవి విప్పడు. చేతి పని ఎంత గిరాకీ తెచ్చిందో, ఆ గుట్టూ అంతే తెచ్చింది.

ఆ శుక్రవారం భార్య పోరు పడలేక, ఊరికి దూరంగా పొలాల మధ్యనున్న, ఊరెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని అప్పగించి వెళ్ళే కుక్కల క్యాంపు చూడ్డానికి బయల్దేరాడు. సోమవారం ఆవిడకి కంటి ఆపరేషన్. నగరంలో పదిహేను రోజులుండాలి. ఇంట్లో పన్నెండేళ్ళ ముసలి కుక్క, దొరసాని. దాన్ని ఎవరికి అప్పగించాలో తేలక ఆవిడ ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసింది. మళ్ళీ వాయిదా అంటే చూపు మీద ఆశ వదులుకోమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ముసలి కుక్క మాకొద్దని రెండు చోట్ల తిప్పి పంపారు. మిగిలింది ఇదొక్కటే.

క్యాంపు నడిపే ఆవిడ ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ మాట్లాడుతుంటే తేనె కారిపోతోంది. "మా దగ్గర కుక్కల్ని కట్టేయం బాబాయ్‌గారూ. పొద్దస్తమానం పొలంలో పరుగులే," అంటూ గోడ మీది ఫొటోలు చూపించింది.

ఆయన ఆ పొలం గేటు దాకా నడిచాడు. అలవాటు చొప్పున చూపు తాళం మీద పడింది. తుప్పు పట్టి గొలుసూ తాళమూ ఒక్కటైపోయాయి. తాళంచెవి దూరే కంతలో ఏదో పురుగు మట్టితో గూడు కట్టింది, ఆ గూడు కూడా ఎండి బీటలువారింది. ఆ గేటు తెరిచి నెలలైందని ఇంకెవరూ కనిపెట్టలేకపోవచ్చు గానీ, ఆయనకి ఒక్క చూపు చాలు. అవతల గడ్డి నడుమెత్తు పెరిగింది. వెనకాల రేకుల షెడ్డు ఉంది. దాని తాళం మాత్రం రోజూ తీసి వేస్తున్నట్టు మెరుస్తోంది.

"లోపల ఎన్నున్నాయమ్మా?"

"ముప్పై దాకా ఉంటాయండీ."

ముప్పై కుక్కలున్న చోట కొత్త మనిషి తిరుగుతుంటే ఒక్కటీ మొరగలేదు.

"ఓసారి చూపిస్తారా?"

"ఇప్పుడు పడుకునే వేళండీ. లేపితే గోల చేస్తాయి." పొద్దస్తమానం పరుగులే అన్న నోటితోనే ఆ మాటా అనేసింది.

నిలదీయాల్సింది అప్పుడే. మనకెందుకులే అనుకోవడం నలభై ఏళ్ళ అలవాటని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. ఇది కూడా కుదరదంటే భార్య ఆపరేషన్ వద్దంటుంది. దొరసాని పేరు రాయించి వచ్చేశాడు.

"ఎలా ఉందండీ?" గుమ్మంలోనే అడిగింది భార్య.

"పెద్ద పొలం," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆవిడ అంతటితో ఊరుకుంటే బాగుండేది. "మా ఆయన స్వయంగా చూసొచ్చారు. ఊరికే దేన్నీ మెచ్చే మనిషి కాదు," అని ఎదురింటి టీచరమ్మ చెవిన వేసింది. టీచరమ్మ కూడా ఏదో శిక్షణకి ఊరెళ్ళాలట. ఆ సాయంత్రమే ఫోన్ చేసి వాళ్ళ కుక్కపిల్ల పేరు కూడా రాయించేసింది.

ఆదివారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. వెనక కిటికీలు లేవు. దొరసాని ఎక్కనంటూ కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. భార్యే బుజ్జగించి ఎత్తి కూర్చోబెట్టింది. టీచరమ్మ కుక్కపిల్లని గుండెకి హత్తుకుని ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీరు చూశారుగా. నిజంగానే పొలంలో వదుల్తారా?"

భార్య కూడా మసక కళ్ళతో ఇటే చూస్తోంది. ఒక్క మాట చాలు, రెండు కుక్కలూ ఎవరింట్లో వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఆపరేషనూ ఆగిపోతుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"వదుల్తారమ్మా," అన్నాడు.

కుక్కపిల్లని కూడా ఎక్కించారు. డ్రైవరు తలుపేసి గడియ పెట్టాడు. లోపల్నుంచి దొరసాని ఒకే ఒక్కసారి మొరిగింది. వ్యాను సందు తిరిగింది.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. చాన్నాళ్ళకి నవ్వుతోంది. "కట్టు విప్పగానే ఇంటికి వద్దండీ. ముందు ఇద్దరం అక్కడికే వెళ్దాం. ఆ పొలంలో అది పరిగెత్తుతుంటే నా కళ్ళారా చూడాలి."

"అలాగే," అన్నాడు తాళాలాయన.