గోడ మీద మూడు తెల్ల గళ్లు

టాల్బర్ట్‌లో కొడుకు ఆరో తరగతి దాటుతున్నాడంటే ఏ తండ్రయినా ఒకసారి ఆర్లిస్ టిప్టన్ గడప తొక్కాల్సిందే. జాతకం చూపించుకోవడానికి వచ్చినట్టే వస్తారు. ఆర్లిస్ కుర్రాడి ముఖం చూడడు. బూట్లు, మేజోళ్లు విప్పించి పాదాలు చూస్తాడు. తండ్రి భుజాలు చూస్తాడు. మేనమామలు ఎంత పొడుగని అడుగుతాడు. చివరికి ఒక్క మాట అంటాడు: "పంపు", లేదా "ఆపు". ఆపు అంటే కుర్రాణ్ణి అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెట్టమని. తోటివాళ్లకంటే ఏడాది పెద్దవాడవుతాడు, ఏడాది బరువెక్కుతాడు. కోడిగుడ్డులాంటి ఆ బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తితే, అడ్డం వచ్చినవాళ్లు గాలికి జొన్నచేను ఒరిగినట్టు ఒరుగుతారు. పశ్చిమ టెక్సాస్‌లో ఫుట్‌బాల్ అంటే ఆ ఆటే. అక్కడ తరగతి ఆగిపోవడం సిగ్గు కాదు, ముందుచూపు.

ఆర్లిస్ బతుకుతెరువు జిన్నింగ్ మిల్లులో. పత్తి వచ్చే నెలల్లో దూది దుమ్ములో మునిగితేలుతాడు, మిగతా నెలల్లో యంత్రాలు విప్పి సానపెడతాడు. చిన్నప్పుడు ఈనెపుల్లలా ఉండేవాడు. హైస్కూలు పెద్దజట్టులో పేరుకి ఉన్నాడు గానీ, ఆటలన్నీ బెంచీ మీది నుంచే చూశాడు. ఒక్కసారి మైదానంలోకి పంపారు, అదీ ఆట చేజారిపోయి జనం లేచి వెళ్లిపోతున్నప్పుడు. ఆ రోజు జనం కూర్చునే మెట్లు ఖాళీ అవుతుంటే చూసినవాడు మళ్లీ మర్చిపోలేదు. మీసాలు వచ్చాక ఆరో తరగతి పిల్లల చిన్నజట్టుకి శిక్షకుడయ్యాడు. నా చేతికొచ్చిన ఏ పిల్లాడూ చిన్నగా ఉండకూడదు అనుకున్నాడు. అప్పటినుంచి ఊళ్లో అతని పేరు కోచ్. కోపం వస్తే భార్య నోలా కూడా అలాగే పిలుస్తుంది.

మిల్లు గోడ ఒకటి పెద్ద రోడ్డు వైపుకి ఉంటుంది. ఆర్లిస్ చిన్నజట్టు ఓటమి లేకుండా ఏడాది ముగించినప్పుడల్లా ఊరివాళ్లు ఆ గోడ మీద ఆ పిల్లల పేర్లు ఎర్రరంగుతో రాయిస్తారు. పక్కనే తలుపంత తెల్ల గడి ఒకటి వేసి ఖాళీగా వదులుతారు. అదే పిల్లలు పన్నెండో తరగతికి వచ్చి రాష్ట్ర కప్పు తెస్తారు కదా, అప్పుడు నింపడానికి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్నది ఆ ఊరి నమ్మకం. అలాంటి గళ్లు మూడున్నాయి. మొదటి గడి పిల్లలు పెద్దజట్టుకొచ్చి సగం ఆటలు ఓడారు. మడమ బెణికిందన్నారు, రెఫరీ గుడ్డివాడన్నారు. రెండోవాళ్లు రాష్ట్ర కప్పు తొలి పోటీలోనే ఓడి ఇంటికొచ్చారు. ఆ తప్పు అప్పటి పెద్దజట్టు శిక్షకుడిదని అతన్ని ఊరి నుంచే సాగనంపారు. కప్పు మాత్రం రాలేదు.

మూడో గడి కేసన్ హబ్బర్డ్ జట్టుది. ఆరేళ్ల కిందట ఆ పిల్లాడు పరిగెత్తుతుంటే అవతలి ఊరి తల్లులు కళ్లు మూసుకునేవాళ్లు. వాళ్ల నాన్న రాయస్, ఆర్లిస్‌తో కలిసి బెంచీ మీద కూర్చున్న పాత నేస్తం. ఆర్లిస్ మాట మీదే కొడుకుని ఏడాది ఆలస్యంగా బళ్లో వేశాడు. ఆర్లిస్ మాట మీదే ఆరో తరగతిలో ఇంకోసారి ఆపాడు. ఇప్పుడు కేసన్ పన్నెండుకి వచ్చాడు. ఇంకో రెండు వారాల్లో ఆటలు మొదలు. ఊరు మూడో గడి కోసం రంగు డబ్బా తెచ్చి పెట్టుకుంది.

అలాంటి సమయంలో ఒకరోజు బరువులెత్తే గదిలో కేసన్ తోటివాళ్లతో నవ్వుతూ అన్నాడు, "ఈ ఆగస్టు నెలాఖరుకి పంతొమ్మిది నిండుతాయిరా. కేకు మీద కొవ్వొత్తులు పట్టవు, మొక్కజొన్న రొట్టె మీద గుచ్చుకోవాలి."

పెద్దజట్టు శిక్షకుడు విల్లానుయేవా తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నవాడు అక్కడే ఆగిపోయాడు. ఎన్నో తారీఖని అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. సెప్టెంబరు ఒకటికి ముందే పంతొమ్మిది నిండినవాడు ఆ ఏడు ఆడకూడదు. ఆ నియమం ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ బళ్లో ఆలస్యంగా వేసిన ఏడాదినీ, ఆరులో ఆపిన ఏడాదినీ ఎవరూ కలిపి చూడలేదు.

ఆ సాయంత్రమే రాయస్ మిల్లుకొచ్చాడు. లారీ తలుపు కూడా వెయ్యలేదు.

"ఒక్క దారుంది," అన్నాడు. "జబ్బు చేసిగానీ, చదువు ఎక్కకగానీ తరగతి ఆగితే బడి ఆటల మండలి మాఫీ చేస్తుందట. బుధవారం విచారణ. మావాడికి అప్పట్లో చదవడం రాలేదని చెబుదాం."

ఆర్లిస్ చేతిలోని ఆకురాయి కింద పెట్టాడు. "వాడికి రాకపోవడమేంటి రాయస్? ఆటలకి వెళ్లే బస్సులో నా వెనక సీట్లో కూర్చుంటే పుస్తకం తప్ప వేరే లోకం ఉండేది కాదు."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. మండలికి తెలుసా?"

"కేసన్ ఏమన్నాడు?"

"వాడేమంటాడు? సరే అన్నాడు. నువ్వు సాక్ష్యం చెప్పు చాలు. నీ మాటంటే ఈ చుట్టుపక్కల రాతి మీద గీత." రాయస్ గొంతు తగ్గించాడు. "ఆపమన్నది నువ్వే, కోచ్."

నేస్తం నోట కోచ్ అన్న పిలుపు ఆర్లిస్‌కి ముల్లులా తగిలింది.

మర్నాడు మార్కో ఇబారా వచ్చాడు, చిన్నజట్టులో ఆడే కొడుకు నికోని వెంటబెట్టుకుని. వాడు అప్పటికే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"సోమవారం బడి తెరుస్తారు కోచ్," అన్నాడు మార్కో. "ఏడుకి పంపమంటారా, ఆరులోనే ఆపమంటారా?"

ఆర్లిస్ ఆ పాదాల వంక చూశాడు. చిన్నవి. బొటనవేలికి ఇసుక అంటుకుని ఉంది. నోటిదాకా వచ్చిన మాట ఎందుకో బయటికి రాలేదు.

"బుధవారం విచారణ అయ్యాక రా."

"ఆలోచించాల్సినంత ఏముంది కోచ్? వీడు గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు."

"తర్వాత రమ్మన్నాను కదా."

మంగళవారం రాత్రి భోజనంలో నోలా బీన్స్ వడ్డిస్తూ అంది, "రేపు ఏం చెబుతావు?"

"ఆ పిల్లాడికి ఇదే ఆఖరి ఏడు. ఇది పోతే ఇక లేదు."

"నేనడిగింది అది కాదు."

అతను పళ్లెంలో రొట్టె తుంచుతూ కూర్చున్నాడు. తుంచిన ముక్కలు తినలేదు.

విచారణ పక్క పట్నంలో, ఒక బడి గ్రంథాలయంలో జరిగింది. పొడుగు బల్లకి అవతల ఐదుగురు. నడుమ ఓడమ్ మేడమ్, ఒకప్పటి ప్రధానోపాధ్యాయురాలు, కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఇవతల వరసగా రాయస్, కేసన్, ఆర్లిస్, విల్లానుయేవా. చల్లగాలి యంత్రం గడగడలాడుతోంది గానీ ఆర్లిస్ వీపు తడిసిపోయింది.

రాయస్ ముందు చెప్పాడు. బాగానే చెప్పాడు. అక్షరాలు తిరగబడి కనిపించేవన్నాడు, ఇంట్లో ఏడ్చేవాడన్నాడు. కేసన్ తల వంచుకుని మోకాళ్ల మీది తన పెద్ద పెద్ద చేతుల్నే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"టిప్టన్‌గారూ," అంది ఓడమ్ మేడమ్. "ఆ రెండేళ్లూ ఈ అబ్బాయి మీ దగ్గర ఆడాడు. మీరేమైనా గమనించారా?"

ఆర్లిస్ లేచాడు. టోపీ రెండు చేతుల్లో నలుగుతోంది. కేసన్ తల ఎత్తి అతని వంక చూశాడు. ఆ చూపు ఏం అడుగుతోందో ఆర్లిస్‌కి అర్థం కాలేదు. నన్ను ఆడనివ్వు అంటోందనుకున్నాడు. అంతకంటే ఇంకేం అడుగుతాడు, టాల్బర్ట్‌లో పుట్టినవాడు?

"అవును మేడమ్," అన్నాడు. "చదువులో వెనకబడి ఉండేవాడు. నేను ఆట వ్యూహం కాగితం ఇస్తే చదవలేకపోయేవాడు. నేనే నోటితో చెప్పేవాణ్ణి."

కూర్చుంటుంటే కుర్చీ కిర్రుమంది. కేసన్‌కి అవతల రాయస్ ఊపిరి వదిలాడు. బల్ల అవతల ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలూపుకున్నారు. పని అయిపోయినట్టే ఉంది.

"కేసన్," అంది ఓడమ్ మేడమ్, "నువ్వేమైనా చెప్పాలా బాబూ? చెప్పకపోయినా ఫర్వాలేదు."

"నాకు చదవడం వచ్చు మేడమ్."

రాయస్ చెయ్యి కొడుకు మోకాలి మీద పడింది. కేసన్ మెల్లగా ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"ఆరో తరగతి మొదటిసారే అన్నీ చదివేశాను. రెండోసారి అవే పుస్తకాలు ఇచ్చారు. మా టీచరు పైకి చదవమంటే తర్వాతి పేజీలో ఏముందో కూడా నోటికి వచ్చేసేది. పిల్లలు నవ్వేవాళ్లు. అందుకని కావాలని తడబడుతూ చదివేవాణ్ణి. నన్ను ఆపింది ఆట కోసమే. ఊళ్లో అందర్నీ అలాగే ఆపుతారు. అదొక తప్పని నాకు ఈ నెలదాకా తెలీదు మేడమ్."

ఓడమ్ మేడమ్ కళ్లజోడు పెట్టుకుని, ఆర్లిస్ వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆర్లిస్ పుస్తకాల అరల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మాఫీ లేదన్నారు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రాయస్ లారీ దగ్గర కొడుకు ముందు నిలబడి, "నోరు మూసుకుంటే సరిపోయేది కదరా," అన్నాడు. "ఒక్క ఐదు నిమిషాలు. పన్నెండేళ్లుగా నీ వెనక తిరిగాను, ఐదు నిమిషాలు మూసుకోలేకపోయావా?" రాయస్ తలుపు దబేలున వేసి, కొడుకుని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయాడు. విల్లానుయేవా ఒకసారి కేసన్ భుజం తట్టి, మిగిలిన జట్టుని చూసుకోవాలంటూ తన కారెక్కాడు.

ఆర్లిస్ బండిలో ఇద్దరే మిగిలారు. బండి పత్తిచేల మధ్య చాలా దూరం సాగింది.

"నీకోసమే చెప్పానురా," అన్నాడు ఆర్లిస్ చివరికి.

"తెలుసు కోచ్."

"మరి సరేనని వచ్చి, అక్కడ ఎందుకలా?"

కేసన్ కిటికీ అద్దం దించాడు. వేడిగాలి లోపలికి కొట్టింది. "నాన్న చెబితే ఓర్చుకున్నాను. నాన్న ఏదైనా చెబుతాడు. మీరు కూడా అనేసరికి... రేపు ఊళ్లో అదే నిజం అయిపోతుంది కోచ్. ఆట పది వారాలు. చదువురానివాడన్న పేరు చచ్చేదాకా."

ఆర్లిస్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు కేసన్. "నేను ఆడినా గడి నిండేది కాదు. పోయినేడాది మీరు చూళ్లేదా? ఆరో తరగతిలో నేను గుద్దితే పడిపోయిన ఆ పక్కూరి పొట్టివాడు గుర్తున్నాడా, పళ్లకి తీగ ఉండేది? ఇప్పుడు నన్నే ఎత్తి పడేస్తున్నాడు. నాకు అప్పుడే గడ్డం వచ్చింది, వాళ్లకి ఇప్పుడొచ్చింది. అంతే తేడా."

"అలా అనకు. నువ్వు మంచి ఆటగాడివి."

"అయ్యుండొచ్చు. మనం ఎప్పుడూ తెలుసుకోలేదు కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆర్లిస్ తట్టుకోలేకపోయాడు. ఊరు దగ్గరపడింది. మిల్లు గోడ దూరం నుంచే కనిపించింది, ఎర్రపేర్లు, తెల్ల గళ్లు. ఇన్నేళ్లుగా ఆ రోడ్డున వస్తూ అతను పేర్లే చదువుకునేవాడు. మొదటి గడి అంచున పెచ్చులూడి కింద ఇటుక బయటపడిందని ఇవాళే చూశాడు.

"ఇక్కడ ఆపండి కోచ్, నడిచి వెళ్తాను."

"మీ నాన్న చల్లబడేదాకా మా ఇంటికి రా. నోలా ఏదో వండే ఉంటుంది."

"వద్దు సార్." కేసన్ దిగి, కిటికీ దగ్గర ఆగాడు. "వ్యూహం కాగితాలు నేనే మీకు చదివి వినిపించేవాణ్ణి. మీకు కళ్లజోడు లేనప్పుడు. గుర్తుందా?"

ఆర్లిస్‌కి గుర్తుంది. తలూపాడు.

మిల్లు ముందు మార్కో కాచుకుని ఉన్నాడు. నికో మళ్లీ బూట్లు చేత్తో పట్టుకునే ఉన్నాడు, కాలుతున్న సిమెంటు మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ. విచారణ సంగతి మార్కోకి అప్పటికే చేరిపోయినట్టుంది. అయినా ఆ ఊసెత్తలేదు. తన పని తనది.

"తర్వాత రమ్మన్నారు కోచ్. వచ్చాను."

"బూట్లు తొడుక్కో బాబూ, కాళ్లు కాలతాయి," అన్నాడు ఆర్లిస్.

"చూడరా?"

"పుట్టినరోజెప్పుడు వీడిది?"

"జూలైలో. ఎందుకు?"

ఆర్లిస్ లెక్కపెట్టబోయాడు. వేళ్లు మడిచి, మళ్లీ విప్పేశాడు. జూలై అయితేనేం, జనవరి అయితేనేం. "పంపు," అన్నాడు. "ఏడుకి పంపు."

మార్కో నమ్మలేనట్టు చూశాడు. "ఇంత పుల్లని పట్టుకుని పంపమంటారా? నలిగిపోతాడు కోచ్. నాలుగేళ్లు బెంచీ మీదే కూర్చుంటాడు."

"కూర్చోవచ్చు. నేనూ కూర్చున్నాను."

"ఆపితే చిన్నజట్టులో వీణ్ణి పట్టేవాడుండడు. ఈ ఏడు గట్టిగా నిలబడితే, రేపు పెద్దజట్టులో కూడా నిలబడతాడు. మీరే కదా ఎప్పుడూ చెప్పేది?"

"చెప్పేవాణ్ణి."

"మరి ఇప్పుడు ఆపితే లాభం లేదంటారు. అలాగని ఎక్కడ రాసుంది?"

ఆర్లిస్ బండి తాళాలు జేబులో వేసుకుని, గోడ వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, రాశాం. మూడుసార్లు."

మార్కో తిరిగి చూశాడు. ఎర్రపేర్ల పక్కన మూడు గళ్లూ తెల్లగా ఉన్నాయి. వాటిలో ఏముందా అని కాసేపు చూస్తూనే ఉండిపోయాడు. నికో మాత్రం నేల మీద కూర్చుని బూటు తాడు ముడేసుకుంటున్నాడు.