సత్యవతి గారి సీరం

2022లో నేను భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నానో ల్యాబ్ చూసేదాన్ని. మా పని గ్రాఫీన్ ఆక్సైడ్ మీద. కంటికి కనిపించనంత పల్చటి కార్బన్ రేకులవి. వాటికి కేన్సరు మందు పట్టించి, గాజు పళ్ళెంలో పెంచిన కేన్సరు కణాల మీద వేస్తే కణాలు చక్కగా చచ్చిపోయేవి.

ఆ సంగతి కాలేజీ వాళ్ళు పేపరుకిచ్చారు. ఆ వారంలోనే సూర్యనారాయణ గారు వెతుక్కుంటూ వచ్చారు. ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఆయనది. భార్య సత్యవతి గారికి రొమ్ము కేన్సరు, అప్పటికే ఎముకలకు పాకింది.

"మేడమ్ గారండి, ఆ మందేదో మా ఆవిడకి ఇప్పించండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి తీసుకొస్తాను."

"అది ఇంకా మందు కాదండి. మనిషికి ఎక్కించే దాకా వస్తుందో రాదో కూడా తెలీదు."

"కణాలు చచ్చిపోయాయని రాశారు కదండి?"

"పళ్ళెంలో రక్తం లేదండి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

రక్తం తగిలాక కూడా ఆ రేకులు పనిచేస్తాయా అని చూడటమే మా తర్వాతి మెట్టు. రోగుల రక్తంతో పరీక్షించడానికి ప్రాజెక్టుకు అనుమతి ఉంది. సత్యవతి గారు తనదీ తీసుకోమన్నారు. దానివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదని ముందే చెప్పాను.

"నాకు తెలుసండి. ఆయనకి తెలియాలి," అన్నారావిడ.

రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు ద్రవాన్ని సీరం అంటారు. ఆవిడ సీరం కలిపిన కాసేపటికే అందులోని ప్రొటీన్లు రేకులను పొరలా కప్పేశాయి. ఈ పొరను ప్రొటీన్ కరోనా అంటారు. వైరస్‌తో దీనికి సంబంధం లేదు. కొన్ని ప్రొటీన్లు తమ ఆకారమే పోగొట్టుకున్నాయి. రేకులు ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి దిగిపోయాయి. మందు కణాల్లోకి వెళ్ళలేదు. కేన్సరు కణాలు ఎప్పటిలాగే పెరిగాయి.

వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. సూర్యనారాయణ గారు లేచి వీధి అరుగు మీదికి వెళ్ళిపోయారు. ఆవిడ మంచం మీంచే మెల్లగా అడిగారు.

"నా రక్తమే దాన్ని పాడుచేసిందాండి? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళదైతే పనిచేసేదేమో."

కాదని చెప్పాను, కానీ ఆవిడ నమ్మలేదు. మర్నాడు నా రక్తమే తీయించి అదే పరీక్ష చేశాను. మళ్ళీ వెళ్ళాను.

"నాదీ అంతేనండి. ఆ రేకులు ఎవరి రక్తంలో పడ్డా ప్రొటీన్లు అలాగే చుట్టేస్తాయి. ఇందులో మీ ఒంటి తప్పేమీ లేదు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "ఇన్నాళ్ళూ ఏ మందూ పనిచెయ్యకపోతే నా ఒళ్ళే చెడ్డదనుకున్నానండి. ఆ మాట ఆయనకి కూడా చెప్పి వెళ్ళండి."

అరుగు మీద కూర్చున్న ఆయనకు చెప్పాను. ఆయన లేచి లోపలికి, ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళారు. వానలు మొదలవకముందే ఆవిడ పోయారు.

ఇప్పుడు విద్యార్థులు పళ్ళెంలో వచ్చిన ఫలితం పట్టుకుని పరుగెత్తుకొస్తే, సీరం కలిపి చూశాక మాట్లాడమంటాను. అది ల్యాబ్ నేర్పింది. సత్యవతి గారి దగ్గర నేర్చుకున్నది వేరు. మందు ఎందుకు పనిచెయ్యలేదో రోగికి వివరించే ముందు, తప్పు వాళ్ళ ఒంటిది కాదని చెప్పాలి. వాళ్ళు అడిగే దాకా ఆగకూడదు.