స్వెట్టర్ నాలుగు వందల గ్రాములు

బరువు చూసే మిషన్ మా ఇంటికి జూన్ మొదటి ఆదివారం వచ్చింది. మేము చర్చి నుంచి వచ్చేసరికి మేడిపల్లిలో ఉండే మా అమ్మాయి దాన్ని తెచ్చి గడప దగ్గర పెట్టి కూర్చుంది. వాళ్ళ నాన్నకు షుగర్ మొదలైంది. పది కిలోలు తగ్గాలని డాక్టర్ చెప్పాడు. చూడటానికి అది ఒక గాజు పలక. ఒట్టి కాళ్ళతో ఎక్కితే బరువు చూపిస్తుంది, మనకు తెలియనంత కరెంటు కాళ్ళలోంచి పంపి ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని లెక్కగట్టి ఫోనుకు పంపుతుంది.

ఫోనులో అన్నీ ఉంటాయని అమ్మాయి చెప్పినా నేను నోటుబుక్కు పెట్టాను. నాచారంలో మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో ఇరవై ఆరేళ్ళు చేసిన చేయి అది, రాయకుండా ఉండలేదు. ప్రతి సోమవారం ఉదయం ఆరున్నరకు, టీ తాగకముందు తూకం. తేదీ, బరువు, కొవ్వు శాతం, నాలుగో గడిలో రాత్రి ఎన్ని జొన్న రొట్టెలు తిన్నాడో. మొదటి సోమవారం డెబ్బై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. రొట్టెలు మూడు.

ఆయనదీ తూకాల ఉద్యోగమే. నాచారం ధర్మకాటా మీద ముప్పై ఏళ్ళు లారీలు తూచాడు. ఖాళీ బండి తూచేటప్పుడు సీటు కింద బండరాళ్ళు దాచే డ్రైవర్లను ఎట్లా పట్టుకున్నాడో ఉప్పల్‌లో మా గల్లీ అంతటికీ తెలుసు. అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో. మిషన్ ఎక్కిన ప్రతిసారీ, "తూకం సీటీ రాయి మేడమ్, బండి ఖాళీగనే ఉన్నది" అనేవాడు.

అక్టోబర్ చివరికి అరవై ఆరు కిలోలు. అడిగినదానికంటే రెండు కిలోలు ఎక్కువే తగ్గాడు. నేను సంబరపడి చర్చిలో నలుగురికీ చెప్పుకున్నాను. తర్వాత భయం పట్టుకుంది. తిండి అదే, నడక అదే, అయినా బరువు దిగుతూనే ఉంది. అరవై ఐదు కంటే తగ్గితే పెద్ద దవాఖానాలో అన్ని పరీక్షలూ చేయిస్తానని చెప్పాను. ఆయన సరేనన్నాడు.

నవంబర్ రెండో సోమవారం చలిగా ఉందని స్వెట్టర్‌తోనే మిషన్ ఎక్కాడు. నేను స్వెట్టర్ విప్పించలేదు కానీ తర్వాత దాన్ని వంటింటి కాటాలో పెట్టి తూచాను. నాలుగు వందల గ్రాములు. అది తీసేసి రాశాను, అరవై ఐదు కిలోల నాలుగు వందలు. ఆ తర్వాత నాలుగు సోమవారాలూ నూరు గ్రాములు అటో ఇటో అంతే. బరువు నిలబడిందని నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

కానీ కొవ్వు శాతం వారం వారం పెరిగింది. ఇరవై రెండు, ఇరవై మూడు, అట్లా ఇరవై ఐదున్నర దాకా. నాకు తోచింది ఒక్కటే. రింగు రోడ్డు దగ్గర బండి మీద దొంగతనంగా మిరపకాయ బజ్జీలు తింటున్నాడని. అడిగితే నవ్వాడు.

"అయిదు తిన్న. లెక్క రాస్కో."

నేను నిజంగానే రాసుకున్నాను. రాత్రి రొట్టెలు రెండు చేశాను. తర్వాత ఒకటి. నెయ్యి మానేశాను. ఐదో సోమవారం రాత్రి ఆయన కంచం ముందు కాసేపు కూర్చుని, ఇంకో సగం ఉందా అని అడిగాడు.

"ముందు కొవ్వు దిగనియ్యి" అన్నాను.

చేయి కడుక్కున్నాడు.

ఆ బుధవారం అమ్మాయి వచ్చి, నాన్న కళ్ళు పచ్చగా ఉన్నాయంది. రోజూ ఎదురుగా ఉండే నాకు కనబడలేదు. గురువారం దవాఖానాకు తీసుకుపోయాం. స్వెట్టర్ విప్పించి తూచారు. అరవై రెండు కిలోల మూడు వందలు. నా నోటుబుక్కు డాక్టర్ ముందు పెట్టి, మూడు రోజుల్లో మూడు కిలోలు ఎట్లా పోతాయి, మీ మిషన్ చూపించుకోండి అన్నాను. నర్సు అమ్మాయి బిత్తరపోయింది. ఆయన బల్ల మీద కూర్చుని అంగీ గుండీలు పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"మిషన్ సక్కగనే ఉన్నది. బండిల రాళ్ళుండె."

పాత తూకం రాళ్ళు, అటక మీది సంచిలోవి. తువ్వాలులో చుట్టి స్వెట్టర్ కింద నడుముకు కట్టుకునేవాడు. ఆ మిషన్‌కు ఇనుమని తెలియదు కదా. అది కూడా ఒళ్ళే అనుకుని కొవ్వులో కలిపింది.

ఎందుకు చేశావయ్యా అని అడిగాను.

"పరీక్షలంటే పండుకోబెడ్తరు. క్రిస్మస్ అయినంక పోదామనుకున్న."

క్రిస్మస్ ఆ దవాఖానాలోనే గడిచింది. రోగం కడుపులో, తీసేయడానికి వీల్లేనంత లోపల. ఐదు వారాల ముందు వచ్చినా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టర్ చెప్పాడు. డాక్టర్ ఆ మాట నిజంగా అన్నాడో, నన్ను చూసి జాలితో అన్నాడో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన నోటుబుక్కు తెరిచి, ఏ వారం ఎంత కట్టావో చెప్పమన్నాను. కళ్ళు మూసుకునే చెప్పాడు. మొదటి వారం అర కిలో, తర్వాత కిలో, కిలోన్నర, రెండు, చివరి వారం మూడు. ఒక్కొక్కటే తీసేసి పక్కన అసలు బరువు రాశాను. చివరిది దవాఖానా తూకంతో నూరు గ్రాముల తేడాలో సరిపోయింది. సరిపోయిందని చెప్పాను.

"ముప్పై ఏండ్లల ఒక్క బండికి తప్పు సీటీ ఇయ్యలే. నీకే ఇచ్చిన" అన్నాడు.

ఫిబ్రవరిలో పోయాడు.

నోటుబుక్కులో బరువు గడి దిద్దాను. ఆ ఐదు వారాల కొవ్వు శాతం కొట్టేశాను, అది అబద్ధం కాబట్టి. నాలుగో గడి అట్లాగే ఉంది. మూడు, రెండు, రెండు, ఒకటి, ఒకటి. అవి నేను చేసిన రొట్టెలు, నేనే లెక్కపెట్టినవి. దాంట్లో తప్పు లేదు. ఆయన సగం అడిగిన రాత్రి డబ్బాలో ఇంకో రొట్టె ఉండింది, పొద్దున ఆవుకు వేశాను. అది ఏ గడిలోనూ లేదు.