అవ్వ హారతి పాటలున్న డిస్కు

ఈ ఉదయం మా కోడలి కంప్యూటర్ తెరుచుకుంటూ నల్లటి తెర మీద తెల్లటి వరుసలు దొర్లించగానే, దీపం ఒత్తి సరిచేస్తున్న నా చేయి ఆగిపోయింది. అది చక్కగానే తెరుచుకుంది. నేను మాత్రం పూజ ముగిసేదాకా ఆ తెర వైపే చూస్తూ ఉన్నాను.

మేము శ్రీరాంపూర్ కాలనీలో ఉన్నప్పుడు అక్క భర్త, మా బావ, తన పాత కంప్యూటర్ మాకిచ్చి, వైరస్ పట్టదంటూ అందులో విండోస్ బదులు లినక్స్ వేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, తన చివరి చలికాలంలో పాడిన హారతి పాటలు నా ఫోన్లో ఉంటే, వాటినీ అందులోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసిపెట్టాడు. అవ్వ పోయాక రోజూ ఆ గొంతుతోనే నా హారతి. మధ్యలో దగ్గు, "ఇగ చాలు తియ్యే" అన్న విసుగు కూడా ఉండేవి. దేవుడికి అవీ కలిపే వినిపించేదాన్ని. ఆ మేలుకు బావను తలుచుకొని దండం పెట్టుకునేదాన్ని.

ఒక వానాకాలం అది తెరుచుకుంటూనే సగంలో బిగుసుకుపోవడం మొదలైంది. నేను బడికి పోలేదు. బొగ్గుబావిలో పనిచేసే బాపు ఇంట్లోనే తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే, ఆగిన ప్రతిసారీ తెర మీద నిలిచిపోయిన చివరి వరుసను నోటుబుక్కులో అక్షరం అక్షరం ఎక్కించాను. ఏ రెండూ ఒకటి కాదు. బావ వచ్చి, లోపల అన్నీ దాచుకునే డిస్కు చెడిందన్నాడు, అంతా తుడిచి లినక్స్ మళ్లీ వేయాలన్నాడు.

"డిస్కే చెడితే ఎప్పుడు ఒక్క కాడనే ఆగాలె గద బావా? గిది తీరొక్క కాడ ఆగుతున్నది. ఇంకెవలకన్న చూపిద్దాం. లోపల అవ్వ పాటలున్నయి."

"బడి మొకం చూడనోళ్లు సుత నాకు చెప్పవడితిరి! పాటలే గద, నెట్ల బొచ్చెడుంటయి. నువ్వు పోయి జర చాయ్ పెట్టు."

నేను పోయి చాయ్ పెట్టాను. అల్లం కూడా దంచి వేశాను.

బావ అంతా తుడిచి లినక్స్ మళ్లీ వేశాక కూడా అది సగంలోనే ఆగింది. మర్నాడు మంచిర్యాలలో రిపేరు చేసే ఆయన డబ్బా విప్పి, ర్యామ్ అనే చిన్న పట్టీని బయటికి లాగితే, దాని అంచు నిండా మా కాలనీ బొగ్గుదుమ్ము. పిల్లలు రాతలు చెరిపే రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాడు. చకచకా తెరుచుకుంది.

"డిస్కుకు ఏం గాలేదమ్మా, మంచిగుంది. తుడిచి మళ్ల మీదికెల్లి రాసిండ్రు గద, పాతయి ఇగ రావు," అన్నాడు.

"అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు జోరుగ నడుస్తుంది గద!" అన్నాడు వెంట వచ్చిన బావ.

కంప్యూటర్ ఇచ్చినందుకు ఇప్పటికీ బావ పేరు దేవుడికి చెప్పుకుంటాను. క్షమించానని మాత్రం చెప్పను. దేవుడి ముందు అబద్ధమెందుకు? తెలిసీ చాయ్ పెట్టడానికి లేచిపోయిన నన్నూ క్షమించలేదు. ఇప్పుడు హారతి నేనే పాడతాను. మూడో చరణం దగ్గర రాగం తప్పుతుంది, తోచినట్టు లాగిస్తాను. ఏళ్లు గడిచేకొద్దీ, ఏది అవ్వ రాగమో ఏది నా మరుపో నాకే తెలియకుండా పోతోంది.