యాకూబ్ ఉస్తాద్ చెవులు

మొన్న పింఛను కాగితాల కోసం ఛత్రినాకలో ఒక స్టూడియోకు వెళ్లి ఫోటో దిగాను. కెమెరా పాతది. యజమాని మీట నొక్కగానే షట్టర్ తెరుచుకుంది. లోపలి పళ్లచక్రాలు సన్నగా గుర్రుమని తిరిగి, చివర్లో కాస్త తడబడ్డాక, అది తీరిగ్గా మూసుకుంది. నాకు తెలియకుండానే, "చక్రాల్లో మడ్డి చేరిందండీ, కడిగించండి" అన్నాను. ఆయన నా తెల్లజుట్టు చూసి, ఫోటో బాగానే వస్తుందని ఓదార్చాడు. షట్టర్ ఎక్కువసేపు తెరుచుకున్నందువల్ల, ఉన్నదానికన్నా తెల్లగా వచ్చాను. ఫిర్యాదు చెయ్యలేదు. కానీ ఆ గుర్రుమన్న చప్పుడు మాత్రం నన్ను నలభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లి, యాకూబ్ ఉస్తాద్ పక్కన కూర్చోబెట్టింది.

ఆయన కెమెరాలు బాగుచేసే దుకాణం లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న సందు మొదట్లో ఉండేది. అది రెండో ప్రపంచయుద్ధ కాలం. ఆయన దగ్గరికొచ్చే కెమెరాలన్నీ జర్మనీవి. అక్కడినుంచి ఒక్క స్క్రూ కూడా రావడం లేదు. ఊరంతా జర్మనీ ఎప్పుడు ఓడిపోతుందా అని రేడియో వింటుంటే, ఉస్తాద్ మాత్రం జర్మనీ స్ప్రింగులు ఇంకొన్నాళ్లు నిలవాలని కోరుకునేవాడు.

నేను ఉర్దూలో ఫిజిక్స్ చదివి బి.ఎస్సీ. పట్టా పుచ్చుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూడటమే ఉద్యోగంగా పెట్టుకున్న రోజులవి. మా మేనమామ ఇచ్చిన మడత కెమెరాలో షట్టర్ బరువుగా కదులుతోందనిపించింది. ఘర్షణ గురించి చదివిందంతా గుర్తు చేసుకుని, దాని రేకుల మధ్య నూనె వేశాను. రెండు రోజులు అద్భుతంగా పనిచేసింది. మూడోనాడు రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన దాన్ని విప్పలేదు. చెవికి ఆనించుకుని ఒకసారి నొక్కి, తర్వాత వాసన చూశాడు.

"ఏం నూనె పోసినవ్?"

"కుట్టుమిషన్‌ది."

"నయమే. నువ్వుల నూనె పోస్తే మామిడికాయ తొక్కైతుండె. చదువుకున్నవా?"

"బి.ఎస్సీ."

"అనుకున్న," అన్నాడు.

మర్నాటినుంచి అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన రమ్మనలేదు, పొమ్మనలేదు. కొన్నాళ్లకు నా పేరు బి.ఎస్సీ. అయిపోయింది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఏ కెమెరా వచ్చినా విప్పకముందే రోగం పేరు రాయాలి. ఉస్తాద్ విని ఒక చీటీ రాసి, మడిచి, చాయ్ సాసర్ కింద పెట్టేవాడు. తర్వాత నేను విని నాది రాసేవాణ్ణి. అప్పుడు రెండూ కెమెరా యజమాని ముందే పైకి చదివి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు. ఎందుకింత తతంగమని ఒకసారి అడిగాను. "విప్పినంక ఎవడైన హకీమే" అన్నాడు. మొదటి ఏడాది నా చీటీలు విని నవ్వని గిరాకీ లేడు. నా వంతు వినోదం నేను పంచాను.

మూడో ఏడు ఒక నవాబుగారి దేవిడీలో, ఆ పెద్ద భవంతిలో, ఫోటోలు తీసే రంగారావుగారు వచ్చారు. ఆయన కెమెరాలో రేకులకు బదులు రెండు గుడ్డ తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి. స్పీడు పెంచితే ఫోటో ఒక పక్క నల్లబడుతోందట. అంటే మొదటి తెర వెనకబడుతోంది, రెండోది దాన్ని తరుముకొచ్చి వెలుతురు ఆపేస్తోంది. నాలుగు రోజుల్లో దేవిడీలో పెళ్లి. అలాంటి కెమెరా ఆయనకు ఇంకోటి లేదు.

ఉస్తాద్ మూడుసార్లు విని చీటీ రాశాడు. నేను విన్నాను. మొదటి తెర పరుగు చివర్లో, దారమంత సన్నగా, ఏదో రాసుకుంటున్న చప్పుడు, మడ్డి చేరినప్పుడు వచ్చేది. ఉస్తాద్ ముఖం చూశాను. ఆయనకది వినపడలేదని అర్థమైంది. ఈమధ్య నాచేత ప్రతి మాటా రెండుసార్లు చెప్పిస్తున్నాడు. వీధిలో టాంగాల రొద వల్ల అనుకునేవాణ్ణి. అది వినపడకపోతే తప్పు స్ప్రింగుదే అనిపిస్తుంది, ఆయన స్ప్రింగు సడలిందని రాసి ఉంటాడు. నేనూ అదే రాస్తే స్ప్రింగు బిగిస్తారు. మడ్డి లోపలే ఉంటుంది, ఆ లాగుడుకు పాత గుడ్డ పెళ్లిలోనే తెగుతుంది. నేను విన్నది రాస్తే, చెవులతో బతికే మనిషికి చెవులు పోయాయని సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఖాళీ చీటీని రెండుసార్లు మడిచి, రెండుసార్లు విప్పాను. చివరికి విన్నదే రాశాను. వీలైనంత గిలికాను. అక్షరాలు ఎవరికీ అర్థం కాకపోతే బాగుండుననుకున్నాను.

ఆయనకు అర్థమయ్యాయి. "నాది, స్ప్రింగు సడలింది, బిగించాలె. బి.ఎస్సీ.ది, స్ప్రింగు మంచిగున్నది, మొదటి తెర రోలర్ కాడ మడ్డి." రెండూ ఒకే గొంతుతో చదివాడు. తర్వాత విప్పాడు. నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. రోలర్ అంచున ఎప్పటి నూనో గట్టిపడి ఆవగింజంత నల్లటి ఉండలా ఉంది. పట్టకారుతో దాన్ని తీసి, రంగారావుగారి కళ్ల ముందు పెట్టాడు.

"చూడుర్రి. నేను తప్పు చెప్పిన. గిది నాకు వినపడలె."

రంగారావుగారు, వయసు కదా ఉస్తాద్, అన్నారు.

"అవు సాబ్. నా చెవులు ముసలివైనయ్. దుకాణంల చెవులున్నయ్, ఫికర్ చెయ్యకుర్రి. ఇగ సన్న చప్పుళ్లు మా బి.ఎస్సీ. వింటడు."

అని, పట్టకారు నా చేతికిచ్చి, తను కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు. తర్వాత నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, రెండు ప్రమోషన్లు, ఒక శాలువా వచ్చాయి. వాటిలో ఏదీ నన్ను అంత నిటారుగా కూర్చోబెట్టలేదు. పెళ్లి ఫోటోలు ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకే వెలుతురుతో వచ్చాయి. ఉస్తాద్ చెవుల సంగతి నేను భయపడ్డట్టే ఊరంతా పాకింది. దుకాణానికి పని మాత్రం తగ్గలేదు. తన తప్పు తనే చదివి వినిపించే మనిషి దగ్గర వస్తువు వదిలి వెళ్లడానికి ఎవరూ జంకలేదు.

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను. బోర్డు మీద నా తప్పును ఎవరైనా పట్టుకుంటే, దాన్ని పైకి చదివి, పట్టుకున్నవాడి పేరు చెప్పి, ఆ తర్వాతే తుడిచేవాణ్ణి. రిటైరయ్యాక బోర్డు లేదు గానీ, ఇంట్లో అవకాశాలకు కొదవ లేదు. తప్పు చదివేటప్పుడు ఉస్తాద్ గొంతు తగ్గలేదు. నాది ఇప్పటికీ కాస్త తగ్గుతుంది. సాధన చేస్తున్నాను.