ఒడ్డున కుర్చీ

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది అనుకుంటాను, పిల్లల్ని తీసుకుని అండమాన్ వెళ్దామన్నాను నేను. అప్పట్లో మేం ఏలూరులో ఉండేవాళ్ళం. నాకు పేపర్ ఆఫీసులో డెస్క్ పని. పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు. పెళ్ళయ్యాక మేం చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి పెళ్ళికో, ఏదో ఒక గుడికో. పెళ్ళికెళ్తే మా ఆవిడ వంటింట్లో తేలేది, గుడికెళ్తే చంకలో పిల్లాడితో క్యూలో నిలబడేది. ఎక్కడికెళ్ళొచ్చినా రెండు రోజులు నడుం నొప్పి. అందుకని ఈసారి చుట్టాలూ దేవుళ్ళూ లేని చోటికి వెళ్ళి, ఊరికే కూర్చుని రావాలని నా కోరిక.

"ఊరికే కూర్చోడానికి అంత దూరం దేనికండీ?" అంది ఆవిడ.

"దీవి కదా. బాగుంటుంది."

"దీవి నుంచి బయటపడటానికే కదండీ మిమ్మల్ని చేసుకుంది."

అది నిజమే. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో మెరక, మెరక మీద ఇళ్ళు. ఆవిడ చిన్నప్పుడు వానాకాలంలో ఉప్పు కావాలన్నా పడవెక్కాల్సిందే. మాది తాడేపల్లిగూడెం. మాకు నీళ్ళంటే కాలవ, అది కూడా వేసవిలో కట్టేస్తారు. ఇసకా కొబ్బరిచెట్లూ బొమ్మల్లో చూసి నేను సంబరపడుతుంటే, ఆవిడ ఆ బొమ్మలో పడవ ఎక్కడుందా అని వెతికేది.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అంతా నిద్రపోయేవారు కాబట్టి మా ప్లానింగంతా పొద్దున టిఫిన్ల దగ్గర జరిగేది. ఆఫీసులో ఒకాయన అంతకు ముందే వెళ్ళొచ్చాడు. ఆయన ఇచ్చిన మ్యాపు బల్ల మీద పరిచేవాణ్ణి. పిల్లలు దాని మీదే ఇడ్లీ పళ్ళేలు పెట్టుకునేవారు. నికోబార్ మీద పడిన కొబ్బరి పచ్చడి మరక చాలాకాలం ఉండిపోయింది.

"అక్కడ సముద్రానికి గట్టు ఎంతెత్తుంటుంది నాన్నా?" అని అడిగింది పాప.

గట్టు ఉండదన్నాను. గట్టు లేకుండా నీళ్ళెలా ఆగుతాయో దానికి అర్థం కాలేదు. మా వైపు పిల్లలు చూసిన నీళ్ళన్నిటికీ గట్లుంటాయి. బాబుకి మరో దిగులు.

"అక్కడ చేపలకి మేతెవరేస్తారు?"

"ఎవరూ వెయ్యర్రా. వాటికవే తింటాయి."

వాడు నమ్మలేదు. వాళ్ళ మావయ్య చెరువు మీద తవుడు బస్తాలు ఎన్ని దిగుతాయో వాడు కళ్ళారా చూశాడు.

మొదట మే నెలలో వెళ్దామనుకున్నాను. దానికి ఆవిడ ఒప్పుకోలేదు. "వానలు ముందు తగిలేది అక్కడే కదండీ. ఏటా మీరే రాస్తారు." నిజంగానే ఏటా మే నెలలో రుతుపవనాలు అండమాన్‌ని తాకాయన్న వార్తకి హెడ్డింగ్ పెట్టేది నేనే. ఇన్నేళ్ళలో నా హెడ్డింగ్ చదివి ఎవరైనా ఏదైనా మార్చుకున్నారంటే అది ఆవిడే. ఏప్రిల్ చివరికి, పరీక్షలవగానే అని మార్చుకున్నాం.

నా ప్లానంతా ఆవిడ విశ్రాంతి కోసమే. రోజూ పొద్దున పిల్లలిద్దర్నీ నేను పడవలో తిప్పుకొస్తాను. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలుంటాయి, కింద పగడాలు కనిపిస్తాయి. సాయంత్రం ఇంకో పడవ, ఇంకో చిన్న దీవి. "నువ్వు మాత్రం ఒడ్డున కుర్చీ వేయించుకుని హాయిగా కూర్చో. ఎవరూ నిన్ను లేపరు." ఈ మాట నేను చాలా గర్వంగా చెప్పేవాణ్ణి.

నేనా మాట అన్న ప్రతిసారీ ఆవిడ ఏదో ఒక అడ్డం తెచ్చేది. బాబుకి జ్వరమొస్తే డాక్టరుంటాడా? ఉంటాడని కనుక్కుని వచ్చేవాణ్ణి. పెరుగు దొరుకుతుందా? దొరుకుతుంది. సునామీ మళ్ళీ వస్తే? అది ఏటా వచ్చేది కాదన్నాను. డెస్క్‌లో తప్పులు దిద్దినట్టు ఒక్కో సందేహం తీర్చుకుంటూ వచ్చాను. అన్నీ తీరినా "చూద్దాం లెండి" దగ్గరే ఆగేది ఆవిడ. నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళంటే భయమేమో అనుకున్నాను. ఆవిడ రానంటే మేం ముగ్గురం వెళ్ళేదేం లేదు. టిక్కెట్లు తియ్యాల్సిన రోజు దగ్గర పడుతోంది.

ఆ ఆదివారం మా బావమరిది వచ్చాడు. లంక దగ్గర చెరువు పోయాక కలిదిండి వైపు ఒకటి కౌలుకి తీసుకున్నాడు. మాకోసం రొయ్యలు తెచ్చాడు. వాళ్ళక్క అవి ఒలుస్తూ కూర్చుంటే, వాడు మ్యాపు మీద చెయ్యేసి, "చెప్పండి బావగారూ, ఎందాకా వచ్చింది?" అన్నాడు.

"మీ అక్క రానంటోంది. నీళ్ళంటే భయం."

వాడు పడీ పడీ నవ్వాడు. "దానికి నీళ్ళంటే భయమా? పదేళ్ళకే పడవ తోసేదండీ. మా నాన్న కంటే బాగా తోసేది."

"మరి బాబుకి జ్వరమొస్తే అంటుందేం?"

"అది నా మూలాన్నే అయ్యుంటుంది. వీడంత ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మా నాన్నా పడవలో ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. నాకైతే పండగండీ. అమ్మ ఒళ్ళో పడుకుని దారంతా పిట్టల్ని చూశా. జ్వరం తగ్గాక బన్ను కొనిపెట్టారు. సగం మిగిల్చి తీసుకెళ్ళి దీనికి చూపించి మరీ తిన్నా. ఆ బన్ను కోసం ఇప్పటికీ ఏడుస్తోంది."

"బన్ను కోసం కాదురా," అంది ఆవిడ, రొయ్యల మీంచి తలెత్తకుండా. "నన్నెక్కించుకోలేదు."

"పడవ చిన్నదే అక్కా."

"చిన్నదే. నువ్వు ఒడ్డునుండమ్మా, రేపొచ్చేస్తాం అన్నాడు నాన్న. రేపటికి రాలేదు. గాలివాన పట్టుకుంది. నాలుగైదు రోజులు. నాయనమ్మ అన్నానికి పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. దూరంగా పడవ కనపడినప్పుడల్లా ముగ్గురున్నారా, ఇద్దరేనా అని చూసేదాన్ని."

బావమరిది నవ్వాపేశాడు. ఈ సంగతి వాడికీ తెలిసినట్టు లేదు. "ముగ్గురమే వచ్చాం కదే," అన్నాడు మెల్లగా.

"వచ్చారు లే. బన్నుతో సహా వచ్చారు. వెళ్ళి ఆ గిన్నె పట్రా."

పాప వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఒక రొయ్య ఒలవడం మొదలుపెట్టింది. నాకు ఒడ్డున వేసిన నా కుర్చీ గుర్తొచ్చింది. నెలరోజులుగా రోజూ పొద్దున్నే ఆ కుర్చీ తెచ్చి ఈవిడ ముందు వేస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పడవెక్కించుకుని, నువ్వు హాయిగా ఒడ్డునుండు అంటున్నాను.

"కుర్చీ వద్దులే," అన్నాను. "ఏ పడవైనా నలుగురం ఎక్కుదాం. లేకపోతే ఎవరం ఎక్కొద్దు."

ఆవిడ నా వైపు చూసింది. "మరి టిక్కెట్లు ఎప్పుడు తీస్తారు?" అంది.

ఏప్రిల్ చివర్లో వెళ్ళాం. రైల్లో మద్రాసు, అక్కణ్ణుంచి విమానం. అద్దం పడవ దగ్గరికి వెళ్ళేసరికి ముగ్గురికే చోటుంది. పడవతను తెలుగువాడే, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్ళిన కుటుంబం. "మీరూ పిల్లలూ ఎక్కెయ్యండి సార్. మేడమ్ గారు ఇక్కడ కూర్చుంటారు, అరగంటలో వచ్చేస్తాం," అన్నాడు మర్యాదగా. నలుగురికీ చోటున్న పడవే ఎక్కుతామన్నాను. పడవ వెళ్ళిపోయింది. బాబు ఏడ్చాడు. పాప నాతో మాట్లాడనంది.

ఇసకలోనే చతికిలబడ్డాం. తర్వాతి పడవ చాలాసేపటికి గాని రాలేదు. బాబు ఏడ్చి ఏడ్చి వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయాడు. పాప కోపం మర్చిపోయి ఇసకతో చెరువు తవ్వి, దానికి గట్టు కూడా వేసింది. మా ఆవిడ కాళ్ళు చాపుకుని, ఎవరూ లేపకుండా, నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. నేను ప్లాన్ చేసిన విశ్రాంతంటూ ఏమైనా దొరికిందంటే ఆ కాసేపే.

పడవొచ్చాక నలుగురం ఎక్కాం. కదిలాక ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి ఒడ్డు కేసి చూసింది. అక్కడ మా వాళ్ళెవరూ లేరు. అప్పుడు ముందుకు తిరిగి, బాబుని లేపి, అద్దంలోంచి చేపల్ని చూపించింది.